చెవి దిబ్బడా? పుల్ల పక్కన పెట్టండి!

‘ఏమండీ, గ్యాసబ్బాయి ఇందాకట్నుంచీ బెల్లు కొడుతున్నాడు, వినపడటం లేదూ?’

‘తాతయ్యా, టీవీ సౌండు కాస్త తగ్గించవా, రేపు నాకు పరీక్ష!’

‘మీవాడు క్లాసులో పిలిస్తే పలకడండీ... ధ్యాస ఎక్కడో ఉంటుంది.’

ఇలాంటి మాటలు ఏదో ఒకరోజు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తాయి. మనం మొదట చేసేది కోప్పడటం. ఆ తర్వాత, పెద్దవాళ్లయితే ‘వయసైపోయింది, చెవుడొచ్చింది’ అని సరిపెట్టుకుంటాం. పిల్లాడైతే ‘మొండిఘటం’ అని పేరు పెట్టేస్తాం. కానీ చాలాసార్లు వీటి వెనక ఉండేది పెద్ద జబ్బేమీ కాదు. శనగ గింజంత గులిమి ముద్ద! డాక్టరు చేతిలో పడితే కొద్ది నిమిషాల్లో వదిలిపోయేది. సర్కారు ఆసుపత్రికి వెళ్తే పెద్దగా ఖర్చు లేకుండానే తీసేసేది. అయినా దాన్ని నెలల తరబడి అలాగే మోస్తాం. లేదంటే పిన్నీసుతో మనమే తవ్వుకుని లేని రోగం కొనితెచ్చుకుంటాం.

కొందరు గులిమి అంటారు, కొందరు గుబిలి అంటారు. పేరేదైనా దాని సంగతి కాస్త తెలుసుకుంటే బోలెడు బాధ తప్పుతుంది, డబ్బూ మిగులుతుంది. ఈ వారం ఆ ముచ్చటే.

మురికి కాదు, కాపలాదారు

చెవిలో గులిమి ఉందంటే శుభ్రత లేదనుకుంటారు చాలామంది. నిజానికి అది చెవి తన కోసం తాను తయారు చేసుకునే లేపనం. బయటి చెవి నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం. అందులో బయటివైపు మూడోవంతు భాగంలోనే గులిమిని తయారు చేసే గ్రంథులుంటాయి. వాటి స్రావాలు, రాలిపోయిన చర్మపు పొట్టు, కాస్త దుమ్ము, చిన్న వెంట్రుకలు... అన్నీ కలిస్తే గులిమి. దానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది కాబట్టి సూక్ష్మక్రిములనూ బూజునూ పెరగనివ్వదు. నూనె గుణం ఉంటుంది కాబట్టి తలస్నానం చేసినప్పుడు నీళ్లు చర్మానికి అంటకుండా కాపాడుతుంది. దుమ్మునూ చిన్న చిన్న పురుగులనూ లోపలికి పోనివ్వకుండా దారిలోనే పట్టేస్తుంది.

మరి పాత గులిమి ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంది అసలు వింత. చెవి లోపలి చర్మం ఒకచోట కుదురుగా ఉండదు. కర్ణభేరి దగ్గర మొదలై మెల్లగా, గోరు పెరిగినంత నెమ్మదిగా, బయటివైపు జరుగుతూ వస్తుంది. దానితోపాటే గులిమీ బయటికొస్తుంది. మనం మాట్లాడినప్పుడు, అన్నం నమిలినప్పుడు దవడ కదలిక దాన్ని ఇంకాస్త ముందుకు తోస్తుంది. చివరికి ఎండి, పొట్టులా రాలిపోతుంది. రాత్రి దిండు మీద పడినా మనకు తెలియదు. అంటే మామూలు చెవికి ఊడ్చేవాళ్ల అవసరం లేదు. తన వాకిలి తానే ఊడ్చుకుంటుంది!

గులిమి అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి తేనె రంగులో జిగటగా, మరికొందరికి పొడిపొడిగా పొట్టులా ఉంటుంది. ఈ తేడా ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో తేల్చారు. కాబట్టి మీ గులిమి మీ పక్కింటివాళ్ల గులిమిలా లేదని కంగారు పడక్కర్లేదు.

పుల్ల పెడితే ఏమవుతుంది?

అగ్గిపుల్ల, చీపురుపుల్ల, పిన్నీసు, జడపిన్ను, కోడి ఈక, బండి తాళం, పెన్ను మూత... చేతికందింది చెవిలోకి వెళ్లాల్సిందే. అలా తిప్పుతుంటే హాయిగా ఉంటుంది కూడా. చెవి దారిలో నరాల కొసలు చాలా ఉంటాయి మరి. మెడ నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే పెద్ద నరం కొమ్మ ఒకటి చెవి చర్మానికీ వస్తుంది. చెవిలో పుల్ల తిప్పితే కొందరికి దగ్గు రావడానికి కారణం అదే.

హాయి సంగతి అలా ఉంచితే, జరిగేది ఇది. గులిమి తయారయ్యేది బయటి భాగంలోనే అని చెప్పుకున్నాం కదా. పుల్ల పెట్టినప్పుడు కాస్త గులిమి పుల్లకు అంటుకుని బయటికొస్తుంది. దాన్ని చూసి ‘అబ్బ, ఎంత మురికి!’ అని సంబరపడతాం. కానీ అంతకంటే ఎక్కువ గులిమి లోపలికి, కర్ణభేరి వైపు వెళ్తుంది. అక్కడి చర్మం చాలా పలుచన. దాని కింద ఉండేది ఎముకే. అక్కడికి చేరింది తనంతట తాను తిరిగి రావడం కష్టం. రోజూ గోతాంలో పత్తి కుక్కినట్టు కుక్కుతుంటే కొన్నాళ్లకు అది బిరడాలా బిగుసుకుంటుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ దారి మూసేసుకుంటామన్నమాట.

ఇక గీరుకుంటే పుండవుతుంది. పుండులో చీము పడుతుంది. పుల్ల పెట్టుకున్నప్పుడు ఎవరైనా మోచెయ్యి తగిలించారో, కర్ణభేరికే చిల్లు పడొచ్చు. దాని మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు, అంటే మామూలు కాగితమంత. దూది పుల్లలు మెత్తనే కదా అంటారేమో. అవి 1920ల్లో అమెరికాలో పసిపిల్లల ఒళ్లు తుడవడానికని పుట్టాయి. ‘చెవి రంధ్రంలో పెట్టొద్దు’ అని చాలా కంపెనీలు పెట్టె మీదే ముద్రిస్తాయి. ఎవరు చదువుతారు? మన దేశంలో ప్లాస్టిక్ కాడ ఉన్న దూది పుల్లలను 2022 జులై 1 నుంచి నిషేధించారు. అయితే ఆ నిషేధం పర్యావరణం కోసం. ఇప్పుడు కాగితం కాడ, వెదురు కాడ వాటిని వాడుతున్నాం. కాడ మారినా చెవికి జరిగే నష్టం మాత్రం మారలేదు.

‘చెవిలో పెట్టుకోదగ్గ అతి చిన్న వస్తువు మోచెయ్యి’ అని ఈఎన్‌టీ డాక్టర్లు సరదాగా అంటుంటారు. మోచెయ్యి పెట్టి చూడండి, ఆ మాటకు అర్థం తెలిసిపోతుంది!

దిబ్బడ ఎవరికి ఎక్కువ?

2017లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పిల్లల్లో పదిమందికి ఒకరికి, పెద్దల్లో ఇరవైమందికి ఒకరికి, వృద్ధుల్లో మూడోవంతు కంటే ఎక్కువమందికి గులిమి ఎక్కువగా పేరుకుపోవడమో గట్టిపడటమో ఉంటుంది. మన దేశం సంగతికొస్తే, 2007లో మొదలైన జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం ఉదహరించే లెక్కల్లో, నయం చేయగలిగిన వినికిడి లోపానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం గులిమే. దాని వాటా 15.9 శాతం.

వయసు పైబడ్డ కొద్దీ గులిమి పొడిబారి గట్టిపడుతుంది. మగవాళ్లకు చెవిలో వెంట్రుకలు పెరుగుతాయి. అవి అడ్డుపడటంతో గులిమి బయటికి రాలేదు. పుట్టుకతోనే చెవి దారి సన్నగా ఉన్నవాళ్లకు, వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లకు కూడా ఈ బాధ ఎక్కువ. ఇప్పుడు కుర్రకారు గంటల తరబడి చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లూ అంతే. బయటికొచ్చే దారికి తలుపు వేసినట్టవుతుంది.

‘నిన్నటిదాకా బాగానే ఉంది, పొద్దున తలంటుకోగానే చెవి మూసుకుపోయింది’ అంటుంటారు కొందరు. లోపల గులిమి అంతకుముందే పేరుకుని ఉంటుంది. సన్నని సందు ఉన్నంతవరకూ శబ్దం వెళ్తుంది, మనకు తేడా తెలియదు. నీళ్లు తగలగానే గులిమి ఉబ్బుతుంది. ఆ సందు కూడా మూసుకుపోతుంది. అప్పుడు చెవి బరువుగా, మన మాట మనకే కుండలోంచి వచ్చినట్టుగా ఉంటుంది. గుయ్యిమనే హోరు, దురద, కొద్దిపాటి నొప్పి, ఒక్కోసారి తల తిరగడం కూడా ఉండొచ్చు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

చేయాల్సిందల్లా గులిమిని మెత్తబరచడమే. తవ్వడం కాదు. అయితే ముందు ఒక్క జాగ్రత్త. చెవి కారుతున్నా, రక్తం వచ్చినా, గట్టిగా నొప్పి ఉన్నా, కర్ణభేరికి చిల్లు ఉందని ఎప్పుడైనా డాక్టరు చెప్పినా, చెవికి ఆపరేషన్ జరిగినా ఇంట్లో ఏ చుక్కలూ వేయొద్దు. నేరుగా డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

ఇవేమీ లేని పెద్దవాళ్లు ఇలా చేయొచ్చు. మందుల షాపుల్లో గులిమిని కరిగించే చుక్కల మందులు దొరుకుతాయి. డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి తీసుకోవాలి. ఆలివ్ నూనె, బాదం నూనె కూడా పనికొస్తాయి. ఖరీదైన మందే బాగా పనిచేస్తుందని లేదు. చెవి చుక్కల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ 2018లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఒక రకం మందు మరోదాని కన్నా మెరుగని చెప్పడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. కాబట్టి చవకైనది కొన్నందుకు చిన్నబుచ్చుకోవక్కర్లేదు.

సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. పొయ్యి మీద వేడి చేయొద్దు. దిబ్బడ ఉన్న చెవి పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకోవాలి. చెవి డొప్పను కొంచెం పైకి, వెనక్కి లాగి రెండు మూడు చుక్కలు వేయాలి. అయిదు పది నిమిషాలు అలాగే ఉండి, లేచాక కారిన దాన్ని బట్టతో తుడుచుకుంటే చాలు. రోజుకు మూడు నాలుగుసార్లు, మూడు నుంచి అయిదు రోజులు. మందుకైతే సీసా మీద రాసిన మోతాదు పాటించాలి. మొదటి రోజు దిబ్బడ ఎక్కువైనట్టు అనిపిస్తుంది. గులిమి నానుతోంది కాబట్టి భయపడక్కర్లేదు. కొందరికి ఈ నాలుగైదు రోజుల్లోనే దారి తెరుచుకుంటుంది. తెరుచుకోకపోయినా నష్టం లేదు. గులిమి మెత్తబడింది కనుక డాక్టరు పని తేలికవుతుంది, మనకూ నొప్పి ఉండదు.

ఇది అవసరం పడినప్పుడు నాలుగు రోజులు చేసే పని. వారం వారం తలంటు పోసినప్పుడల్లా చెవి నిండా నూనె పోయడం మాత్రం మంచిది కాదు. తేమతో ఉండే మన కోస్తా జిల్లాల్లో, వానాకాలంలో నూనె నిలిచిన చెవిలో బూజు పట్టే ప్రమాదం ఉంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే చెవిపోటు తగ్గుతుందంటారు. వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది. పైగా ఆ నొప్పి చీము వల్లో, చిల్లు వల్లో వచ్చిందేమో మనకు తెలియదు. పసిపిల్లలకు స్నానం పోసేటప్పుడు చెవిలో నూనె వేయడం, నోటితో ఊదడం కూడా మానిపించాలి. పిల్లలకు చెవి బయటి డొప్పను మెత్తటి బట్టతో తుడిస్తే సరిపోతుంది.

చెవిలోకి చీమో పురుగో దూరి గిలగిలా కొట్టుకుంటుంటే మాత్రం నాలుగు చుక్కల నూనె వేయొచ్చు, చెవికి చిల్లు లేదని తెలిస్తేనే. పురుగు కదలిక ఆగిపోతుంది. దాన్ని బయటికి తీసే పని డాక్టరుకు వదిలేయాలి.

వీటి జోలికి వెళ్లొద్దు

బస్టాండ్లలో, రైల్వే స్టేషన్ల బయట, జాతర్లలో చెవులు శుభ్రం చేస్తామని తిరిగేవాళ్లు కనిపిస్తారు. తీగకు దూది చుట్టి, చవగ్గా పని కానిచ్చేస్తారు. తరాల నాటి వృత్తి అది, కడుపు కోసం చేసుకునేవాళ్లే. కానీ చెవి లోపల చూసేందుకు వాళ్ల దగ్గర దీపం ఉండదు, పనిముట్లను క్రిములు లేకుండా ఉడికించే ఏర్పాటు ఉండదు. ఒకరి చెవిలో పెట్టిన తీగే ఇంకొకరి చెవిలోకి వెళ్తుంది. చీము పడితే తర్వాత మందులకయ్యే ఖర్చు ముందు, ఆదా అయిన నాలుగు డబ్బులు ఏ మూలకు?

చెవిలో గొట్టంలాంటి మైనపు వత్తి పెట్టి వెలిగిస్తే గులిమి పైకి లాగేస్తుందని ఓ ప్రచారం ఉంది. అది గులిమిని లాగదని, చెవి కాలే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010లోనే హెచ్చరించింది. వత్తి కాలాక అడుగున కనిపించే పసుపు ముద్ద ఆ మైనమే. ఇక సెల్‌ఫోన్‌కు కలిపి చూసుకునే కెమెరా పుల్లలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దండిగా దొరుకుతున్నాయి. లోపల బొమ్మ కనబడుతుంది నిజమే. కానీ బొమ్మ కనబడినంత మాత్రాన చెయ్యి తిరగదు. కర్ణభేరి ఎంత దూరంలో ఉందో తెరమీద అంచనా వేయడం కష్టం.

డాక్టరు ఏం చేస్తారు?

ముందు దీపం ఉన్న పరికరంతో చెవి లోపల చూస్తారు. గులిమే అని తేలితే మూడు దారులున్నాయి. ఒకటి, చిన్న కొక్కెంలాంటి పనిముట్టుతో నెమ్మదిగా తీయడం. రెండు, గోరువెచ్చటి నీటిని పిచికారీతో పంపి కడిగేయడం. మూడు, సన్నని గొట్టంతో పీల్చేయడం. దీన్ని సక్షన్ అంటారు. కాస్త పెద్ద శబ్దం వస్తుంది తప్ప సాధారణంగా నొప్పి ఉండదు. చెవికి చిల్లు ఉన్నవాళ్లకు నీటితో కడగరు. మధుమేహం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. వాళ్లకు చెవిలో చిన్న గాయమైనా, నీరు నిలిచినా చీము ముదిరి ఎముకదాకా పాకే ప్రమాదం ఉంది.

నీళ్లు ఒంటి వేడికి సమానంగా ఉండాలన్నది ఇక్కడ ముఖ్యం. మరీ చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా కళ్లు తిరుగుతాయి. చెవి కడిగేటప్పుడు రోగులు తల తిరుగుతోందని చెప్పడాన్ని గమనించే, ఆస్ట్రియా డాక్టరు రాబర్ట్ బరానీ లోపలి చెవికీ ఒంటి నిలకడకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించారు. ఆ కృషికి ఆయనకు 1914 నోబెల్ బహుమతి దక్కింది. మనకు చిరాకు తెప్పించే గులిమి వెనక నోబెల్ కథ కూడా ఉందన్నమాట!

జేబుకు చిల్లు పడకుండా...

చెవి చూపించుకోవడం వాయిదా వేయడానికి చాలా ఇళ్లలో అసలు కారణం డబ్బు. ‘ఈఎన్‌టీ స్పెషలిస్టంటే ఎంత గుంజుతారో’ అన్న భయం. ఈ పనికి పెద్ద ఆసుపత్రే అక్కర్లేదు.

మొదట దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాలోనో చూపించండి. చెవి చూసే పరికరం ఉంటే గులిమా కాదా అక్కడే తేలిపోతుంది. అక్కడ తీయలేకపోతే ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో రాసిస్తారు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులన్నిటిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. హైదరాబాద్ కోఠీలో, విశాఖపట్నంలో అయితే చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. ఉదయం పూట ఓపీ చీటీ రాయించుకోవాలి. వరుసలో కూర్చునే ఓపిక ఒక్కటే మన పెట్టుబడి. నాలుగైదు రోజులు ముందే చుక్కలు వేసుకుని వెళ్తే ఒక్క రాకతో పని పూర్తవుతుంది. లేకపోతే ‘ఈ చుక్కలు వేసుకుని వారం తర్వాత రండి’ అంటారు. రెండోసారి బస్సు చార్జీలు, ఒక పూట కూలీ పోతాయి.

ప్రైవేటుకు వెళ్లేవాళ్లు మొహమాటపడకుండా ముందే మూడు ప్రశ్నలు అడగాలి. గులిమి తీసినందుకు కన్సల్టేషన్ ఫీజులోనే సరిపోతుందా, విడిగా తీసుకుంటారా? విడిగా అయితే ఒక్కో చెవికా, రెండింటికీ కలిపా? ఈరోజు చెప్పిన పరీక్షలన్నీ ఇప్పుడే అవసరమా, గులిమి తీశాక చేయించుకోవచ్చా? మూడో ప్రశ్న మరీ ముఖ్యం. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు వినికిడి పరీక్ష చేస్తే లోపం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.

ఇంకా పెద్ద ఖర్చు వినికిడి యంత్రం. షాపు వాళ్ల ప్రకటన చూసి నేరుగా వెళ్లి, వేలకు వేలు పోసి యంత్రం కొనే ముందు ఒక్కసారి డాక్టరుతో చెవి లోపల చూపించండి. గులిమి తీయగానే టీవీ సౌండు తగ్గించేస్తే ఆ వేలు మిగిలినట్టే కదా! తీశాక కూడా వినపడకపోతే అప్పుడు పరీక్ష, ఆ తర్వాతే యంత్రం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ వినికిడి పరీక్షలు చేస్తారు.

అన్నట్టు, పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లే అమ్మానాన్నలు విమానం ఎక్కేముందే చెవులు చూపించుకోవడం మేలు. బ్రిటన్‌లో చాలాచోట్ల ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల్లో గులిమి తీయడం మానేశారు. ప్రైవేటుకు వెళ్తే బిల్లు మన రూపాయల్లో వేలల్లోనే ఉంటుంది. ఇక్కడ ఒక్క పూటలో అయ్యే పనికి అక్కడ అల్లుడి చేతో కొడుకు చేతో అంత ఖర్చు పెట్టించడం ఎందుకు?

ప్రతి దిబ్బడా గులిమి కాదు

ఇంతసేపూ గులిమికి భయపడొద్దని చెప్పుకున్నాం. కానీ ఒక్క విషయంలో మాత్రం భయపడాలి. చెవి ఒక్కసారిగానో, రెండు మూడు రోజుల్లోనో వినపడకుండా పోతే, ముఖ్యంగా ఒక్క చెవికే అలా జరిగితే, అది వినికిడి నరానికి వచ్చిన దెబ్బ కావచ్చు. చెవి బరువుగా, హోరుగా ఉండటం అందులోనూ ఉంటుంది. అందుకే ‘గులిమే లెమ్మని’ చుక్కలు వేసుకుంటూ కూర్చుంటారు. దానికి స్టెరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ. మొదటి రోజుల్లోనే వెళ్లాలి. రెండు వారాలు దాటితే మందు పనిచేసే ఆశ తగ్గిపోతుంది.

తేడా తెలుసుకోవడానికి ఓ చిన్న చిట్కా. నోరు మూసుకుని ‘మ్...’ అని గట్టిగా రాగం తీయండి. ఇప్పుడు ఒక చెవిని వేలితో మూసి మళ్లీ తీయండి. మూసిన చెవిలోనే శబ్దం గట్టిగా మోగుతుంది కదా? గులిమి అడ్డుపడినా అంతే, దిబ్బడ ఉన్న వైపే ఎక్కువ మోగుతుంది. అలా కాకుండా బాగున్న చెవిలోనే ఎక్కువ మోగితే నరం మీద అనుమానపడాలి. ఇది ఒక సూచన మాత్రమే. ఎటు మోగినా సరే, ఉన్నట్టుండి వినికిడి పోతే ఆ రోజో మర్నాడో ఈఎన్‌టీ డాక్టరును కలవాల్సిందే. ముఖం ఒకవైపు వంకర పోయినా, గిర్రున తల తిరిగి వాంతులైనా, చెవిలోంచి రక్తమో చీమో వచ్చినా అంతే.

వినపడని మనిషి ఒంటరి

కళ్లకైతే 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పేరుతో పరీక్షలు మొదలయ్యాయి. ఎన్నో ఇళ్లలో తాతలకు, బామ్మలకు కళ్లద్దాలొచ్చాయి. చూపు తగ్గితే అందరికీ తెలుస్తుంది, చేయి పట్టుకుని నడిపిస్తాం. వినికిడి తగ్గితే మాత్రం కనబడదు. పైగా ఎగతాళి. ‘ఒకటంటే ఒకటి వింటావేంటి’ అని నవ్వేస్తాం. రెండుసార్లు అడిగితే విసుక్కుంటాం. మూడోసారి ఆ మనిషే అడగడం మానేస్తారు. పెళ్లిలో అందరూ నవ్వుతుంటే తనూ నవ్వి ఊరుకుంటారు. మనవడు ఫోన్ చేస్తే ‘మీ నానమ్మతో మాట్లాడు’ అని రిసీవరు అందించేస్తారు. క్రమంగా నట్టింట్లో ఉండి కూడా ఎవరూ లేనట్టు అయిపోతారు. మధ్యవయసు నుంచి వినికిడి లోపాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే ముసలితనంలో మతిమరుపు వ్యాధి వచ్చే ముప్పు పెరుగుతుందని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2017 నుంచి చెబుతూనే ఉంది.

బడి పిల్లల సంగతీ అంతే. వెనక బెంచీలో కూర్చున్నవాడికి టీచరు చెప్పింది సగమే వినబడితే మార్కులు సగమే వస్తాయి. తనకు వినపడటం లేదన్న సంగతి వాడికీ తెలియదు. అందరికీ ఇంతే వినిపిస్తుందనుకుంటాడు. పిలిస్తే పలకని పిల్లాణ్ని కొట్టేముందు ఒకసారి చెవి చూపించండి. గులిమి కావచ్చు, జలుబు తర్వాత కర్ణభేరి వెనక చేరిన నీరు కావచ్చు. రెండూ బాగయ్యేవే. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందాలు చూసే వాటిలో వినికిడి లోపం, చెవిలో చీము కూడా ఉన్నాయి. 2013 నుంచి ఉన్న ఈ పథకం కింద పై ఆసుపత్రికి ఉచితంగానే పంపిస్తారు. మీ ఊరి బడికి ఆ బృందం వచ్చిన రోజు ‘మావాడి చెవి కూడా చూడండి’ అని మీరే అడగండి.

ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవం జరుపుతారు. అంతదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ల వెనక నిలబడి, గొంతు పెంచకుండా మామూలుగా ఓ మాట అడిగి చూడండి. తిరిగి చూడకపోతే విసుక్కోకండి. రేపు సోమవారం, ఓపీ ఉంటుంది. వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.